నీలం గళ్ళ షీటు

ఫిబ్రవరి 3

ఒరేయ్ బామ్మర్దీ,

పదకొండేళ్ళ కాపురంలో మొదటిసారి నీతో పని పడింది. నా ఖర్మ ఎంత కాలిందో దీన్నిబట్టి అర్థం చేసుకో.

మా పిడుగుకి మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యాయి. ఈ చలికాలంలో ఇది నాలుగోసారి. ఆరేళ్ళ పిల్ల, రెండంతస్తులు ఎక్కేసరికి గోడ పట్టుకుని నిలబడిపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా ఈల వినిపిస్తోంది. పుట్టిన మూడో రోజు దాని ఏడుపు విని "ఇది పిల్ల కాదు, పిడుగు" అన్నది నువ్వే. ఇప్పుడా పిడుగు నాలుగడుగులు పరిగెత్తి కూలబడుతోంది.

పిల్లల డాక్టరమ్మ చెస్ట్ చూసి, మందులు రాసి, చివర్లో "మీ ఇంట్లో నేల ఏమిటి?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ప్లాస్టిక్ షీటు, దాని మీద కార్పెట్ అన్నాను. కార్పెట్ ఇవాళే తీసెయ్యమంది. ప్లాస్టిక్ కూడా ఈ పిల్లకి మంచిది కాదట, వీలైతే చెక్కో, బెండో, రాయో, వాసన రాని సహజమైన నేల వేయించమంది. "మా బావమరిది చేసేది ఆ పనే" అని గొప్పగా చెప్పుకున్నాను. నీ గురించి గొప్పగా చెప్పుకోవడం కూడా ఇదే మొదటిసారి.

కాబట్టి మా పెళ్ళికి నువ్వు కానుకగా వేసిన నీలం గళ్ళ షీటుకి కాలం చెల్లింది. వంటగది గుమ్మం దగ్గర ఆ గళ్ళ వరస ఎలా వంకర తిరిగిందో నేనింతవరకూ ఎవరితోనూ అనలేదు. చుట్టాల్లో ఒక పదిమందితో తప్ప.

ఏం వేయాలో రాయి. రాయడం కాదు, వచ్చి వెయ్యి. నువ్వు మా గడప తొక్కి రెండేళ్ళయింది. ఫోన్ చేస్తే ఎత్తవు. పోనీ, ఉత్తరమైనా రాయి. ఉత్తరాలు తగ్గిపోయి మా సార్టింగ్ గదిలో అందరం ఈగలు తోలుకుంటున్నాం. నీ పుణ్యాన మా ఉద్యోగాలు నిలబడతాయి.

తపాలా సంచుల మధ్య నుంచి,
నీ బావ

*

ఫిబ్రవరి 11

మహా ఘనత వహించిన, ముద్రలు కొట్టీ కొట్టీ కుడిచెయ్యి లావైన బావగారికి,

మీ బావమరిది వంగి వంగి దణ్ణాలు. నేలమీద పని కాబట్టి వంగడం నాకు అలవాటే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిడుగు సంగతి చదివాక వేళాకోళం రావట్లేదు గానీ, మీకు రాస్తున్నానంటే చెయ్యి దానంతటదే అటు పోతుంది. ముందు పని మాటలు.

చెక్క మంచిదే. కానీ పైన పూసే మెరుగు చూసుకోవాలి. అద్దంలా మెరిసేదంతా ప్లాస్టిక్ పూత. అవిసె నూనె పట్టించిన చెక్క మెరవదు, కానీ ఊపిరికి మంచిది. ఆ నూనెలో ముంచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే అంటుకుంటాయి. రాయి అన్నిటికన్నా శుభ్రం, కానీ మీ రెండో అంతస్తు ఆ బరువు మోస్తుందా అనేది నా అనుమానం. పైగా చలికాలంలో పిల్ల కాళ్ళకి చల్లన. లినోలియం అని ఒకటుంది. అవిసె నూనె, చెక్కపొడి, జనపనార కలిపి చేస్తారు. ప్లాస్టిక్ షీటుని అదే పేరుతో అమ్మేసే ఘనులున్నారు, అంచు విరిచి చూడండి, జనపనార పోగులు కనబడాలి. నన్నడిగితే బెండు పలకలు. సీసా మూతలకి వాడే చెట్టు బెరడే. మెత్తగా, వెచ్చగా ఉంటుంది. పిల్ల పడినా దెబ్బ తగలదు. ఒకదానిలో ఒకటి బిగుసుకునే రకం తీసుకుంటే జిగురు అక్కర్లేదు.

కొట్లో "సహజం" అని ఆకు బొమ్మ వేసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, మూడు రోజులు కిటికీలో ఉంచండి. తర్వాత మూత తీసి వాసన చూడండి. ముక్కు చిట్లించాల్సి వస్తే ఆ సరుకు వద్దు. మా పనివాళ్ళ పరీక్ష ఇదే, ఏ కాగితమూ దీనికి సాటి రాదు.

ఇక అసలు సంగతి. నా నీలం గళ్ళ షీటు మాత్రం పీకకండి. కార్పెట్ తీసెయ్యండి, షీటు మీదే బెండు పలకలు పరిచేయండి, చక్కగా కూర్చుంటాయి. దాని మీద చెయ్యి వేశారంటే మేనమామ శాపం తగులుతుంది. ఆ వంకర వరస నేను కావాలనే పెట్టాను, దిష్టి తగలకుండా.

వేసవికి నేనే వచ్చి వేస్తాను. అక్కని అడిగానని చెప్పండి.

మీ నేలబారు బావమరిది

*

ఫిబ్రవరి 20

ఒరేయ్ నేలబారు మేధావీ,

సీసాల పరీక్ష పెట్టాం. పిడుగు పరీక్షాధికారి. మూడు కొట్ల నుంచి ఏడు ముక్కలు తెచ్చాను. మూడు రోజులపాటు కిటికీలో సీసాల వరస చూసి కింద వాటా ఆవిడ మేం ఊరగాయలు పెడుతున్నామనుకుంది. నాలుగో రోజు పిడుగు ఒక్కో మూత తీసి, కళ్ళు మూసుకుని, తీర్పులు చెప్పింది. "ఇది కొత్త చెప్పుల వాసన." "ఇది పెయింటు." "ఇది నాన్న ఆఫీసు." బెండు ముక్క దగ్గర చాలాసేపు ఆగి, "ఇది ఏం కాదు" అంది. ఏం కాని వాసనే గెలిచింది. బెండు పలకలు ఆర్డరిచ్చేశాను, రెండు గదులకీ, నడవకీ.

కానీ నీ షీటు విషయంలో ఇంట్లో పేచీ వచ్చింది. డాక్టరమ్మ ప్లాస్టిక్ తీసెయ్యమంది కదా, తీయకుండా దాని మీద సహజమైన నేల పరిస్తే ముసుగు కప్పినట్టే కదా అంటోంది మీ అక్క. నేను నీ తరఫున వాదించాను. "వాడికి వాడి పనితనం అంటే అంత ముద్దు, పోనీలే" అన్నాను. అదే తప్పయింది. "నా కూతురి ఊపిరి కన్నా వాడికి వాడి గళ్ళు ఎక్కువా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తర్వాత ఇంకోటి బయటపడింది. రెండేళ్ళ క్రితం నువ్వొచ్చినప్పుడు ఈ షీటు పాతబడిపోయింది, మార్చాలి అని తను అందట. నువ్వు మొహం మాడ్చుకుని మర్నాడే రైలెక్కావట. అప్పట్నుంచి రాకపోవడానికి అదే కారణమని తన నమ్మకం. ముక్కు మీద కోపం మీ వంశంలో ఎవరికి లేదులే అన్నాను. నాకూ రెండు తగిలాయి.

వేసవి దాకా ఆగలేమురా. పోయిన వారం పిల్లని రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆవిరి పట్టించాం. ముక్కుకి ఆ మాస్కు పెట్టుకుని, బొమ్మకి కూడా ఒకటి పెట్టమంటోంది. నువ్వు ఎప్పుడొస్తావో కచ్చితంగా రాయి. లేకపోతే మేమే మొదలుపెడతాం.

నీ బావ, చుట్టాలందరి ముందూ నీ వకీలు

*

మార్చి 1

బావగారికి,

అక్కకి చెప్పండి, కోపం నాకు లేదు. అక్క ఆ రోజు అన్న మాట నాకు గుర్తు కూడా లేదు. రాకపోవడానికి మోకాళ్ళే కారణం. ఇరవై రెండేళ్ళు మోకాళ్ళ మీద బతికినవాణ్ణి, అవి ఇప్పుడు నామీద కేసు వేశాయి. ఫోన్ ఎత్తకపోవడం కూడా అంతే, అది ఉన్నది కింద తాళాల కొట్లో, నేనున్నది మేడ మీద. వేసవికి తప్పకుండా వస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

షీటు సంగతి. నిజంగా చెబుతున్నాను బావగారూ, ఇది వేళాకోళం కాదు. తీయకండి. దాని అడుగున బూడిదరంగు అట్ట ఒకటి ఉంటుంది. మీరు షీటు లాగితే పైపొర ఊడొస్తుంది, అట్ట సిమెంటుకే అంటుకుని ఉండిపోతుంది. దాన్ని గీకాలి. గీకితే దుమ్ము. ఆ దుమ్ము పిల్లకి మంచిది కాదు. ఎవరికీ మంచిది కాదు. దాని మీదే పలకలు పరవండి, లేదా నేనొచ్చేదాకా ఆగండి. పైన బెండు ఉంటే కింద ప్లాస్టిక్ వాసన పైకి రాదు, డాక్టరమ్మకి నేను రాసిచ్చానని చెప్పండి.

ఇంత చెప్పినా వినకుండా తీశారనుకోండి, దాని కింద నేను దాచిపెట్టిన మీ పెళ్ళినాటి రహస్యాలన్నీ బయటపడతాయి. తర్వాత మీ ఇష్టం.

పిడుగు బొమ్మకి మాస్కు నేను కుట్టి పంపుతాను. పాత చేతిరుమాలు ఒకటుంది.

మీ బావమరిది

*

మార్చి 17

ఒరేయ్ బామ్మర్దీ,

గెలిచాం! నువ్వు ఓడిపోయావు. మీ అక్క గెలిచింది, డాక్టరమ్మ గెలిచింది, అందరికన్నా ఎక్కువగా మా పిడుగు గెలిచింది. ఆరు రోజులుగా పిల్లికూత లేదు. నిన్న కింద నుంచి మా తలుపు దాకా ఆగకుండా ఎక్కింది. ఎక్కి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కింది. మీ అక్క మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది.

నీ ఉత్తరం అందాక ఇద్దరం ఆలోచించాం. "నిజంగా చెబుతున్నాను, ఇది వేళాకోళం కాదు" అని రాశావు చూడు, అక్కడే దొరికిపోయావు. పెళ్ళిచూపుల తర్వాత నువ్వు నన్ను పక్కకి తీసుకెళ్ళి, సరిగ్గా ఇవే మాటలతో మొదలుపెట్టి, "మా అక్కకి ఎడమచెవి వినబడదు" అని చెప్పావు. నేను పెళ్ళయ్యాక రెండు రోజుల పాటు ఆవిడ కుడిపక్కనే కూర్చుని గొంతు చించుకున్నాను. మూడో రోజు "ఎందుకలా అరుస్తారు, నాకు చెవుడనుకున్నారా" అని అడిగింది. నీ నిజాలు నాకు తెలుసురా నాయనా.

సరే, పని చెబుతాను, విని కుళ్ళుకో. శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. నువ్వు చెప్పింది నిజమే, నీలం గళ్ళు చాపలా చుట్టుకుని వచ్చేశాయి, బూడిదరంగు అట్ట మాత్రం రాక్షసిలా పట్టుకుంది. దాని కింద నల్ల జిగురు. గీకుడు రేకులతో ఇద్దరం మధ్యాహ్నం దాకా గీకాం. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి వడ్రంగి దగ్గర ఉప్పుకాగితం మెషిన్ అరువు తెచ్చాను. ఆహా, అదిరా పని అంటే! పిండిమరలో నిలబడ్డట్టే. ఒకరికొకరం కనబడలేదు. నా మీసాలు, మీ అక్క కనురెప్పలు తెల్లబడిపోయి, ముసలివాళ్ళమయ్యాక ఎలా ఉంటామో అప్పుడే చూసేసుకున్నాం. చాలా నవ్వుకున్నాం.

దుమ్ము మంచిది కాదన్నావని పిడుగుని వంటగదిలో పెట్టి తలుపు వేశాం, మూతికి రుమాలు కట్టాం. భోజనాలప్పుడు తప్పించుకుని వచ్చింది. బీరువా అద్దం మీద మందంగా దుమ్ము పేరుకుంటే దాంట్లో వేలితో అక్షరాలన్నీ రాసింది. క నుంచి మొదలుపెట్టి ఒక్క తప్పు లేకుండా! తర్వాత ఉఫ్ అని ఊదేసి, మళ్ళీ మొదటి నుంచి రాసింది. మీ అక్క మూడుసార్లు చీపురుతో ఊడ్చి, పరుపులు బాల్కనీలో దులిపింది. సోమవారం సెలవు పెట్టి బెండు పలకలు బిగించాను. నీ కన్నా తిన్నగా వచ్చాయి.

అన్నట్టు, పని మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు, గురువారం నాడు, ఎవరో ఫోన్ చేశారు. మీ అక్క ఎత్తింది. అవతల ఎవరో ఊపిరాడనట్టు దగ్గి దగ్గి పెట్టేశారట. మీ అక్క జడిసిపోయి తలుపుకి రెండో గొళ్ళెం కూడా వేసింది.

బొమ్మ మాస్కు అందింది. పిడుగు ముద్దులు పంపింది. నువ్వు ఓడిపోయినందుకు ఏడవకు.

విజయగర్వంతో,
నీ బావ

*

మార్చి 23

బావా,

ఆ ఫోన్ చేసింది నేనే.

ఉత్తరం పోస్టు చేశాక, మీరు నమ్మరని నాకే అనిపించింది. కిందికి దిగి తాళాల కొట్టు దాకా వెళ్ళేసరికి దగ్గు పట్టుకుంది. అక్క గొంతు విన్నాక మాట్లాడాలనుకున్నాను. రాలేదు. అరగంట ఆగి మళ్ళీ చేయాల్సింది. మెట్లెక్కి పడుకున్నాను. మళ్ళీ చేయలేదు.

ఇప్పుడు రాసేది దయచేసి వేళాకోళం అనుకోకండి. ఎలా రాస్తే నమ్ముతారో నాకు తెలియడం లేదు. అందుకే నా ఎక్స్‌రే కూడా పెడుతున్నాను.

ఆ బూడిదరంగు అట్టలో ఆస్‌బెస్టాస్ ఉంది. నల్ల జిగురులో కూడా. పైకప్పు రేకుల్లో వేస్తారే, అదే. కదపకుండా ఉంటే ఏమీ చేయదు. గీకితే, రుద్దితే, కంటికి కనబడని పోగులై గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన పోగు ఇక బయటికి రాదు. రుమాలు దాన్ని ఆపదు.

మా మేస్త్రి గోదాములో మిగిలిపోయిన షీటు చుట్టలు అవి. మీ పెళ్ళికి వేసినప్పుడు నాకు తెలియదు. మేం పనివాళ్ళం పద్నాలుగేళ్ళ వయసు నుంచి అలాంటి పాత నేలల్ని మీలాగే పొడిగా గీకాం, మీలాగే నవ్వుకున్నాం. రెండేళ్ళ క్రితం మీ ఇంటి నుంచి వచ్చిన వారానికి ఆసుపత్రిలో చెప్పారు. అప్పుడు తెలిసింది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పోయింది ఊపిరితిత్తులు.

చేయాల్సినవి. చీపురు ముట్టుకోకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారెయ్యండి. గోడలు, బీరువా పైభాగం, తలుపుల అంచులు, ఫ్యాను రెక్కలు. పరుపులు, దిండ్లు, దుప్పట్లు, ఆ రోజు కట్టుకున్న బట్టలు ఉతకొద్దు, పారెయ్యండి. పిడుగు బొమ్మ కూడా. ఆ మెషిన్ సంచిలో దుమ్ము ఉంటుంది, వడ్రంగికి వెంటనే చెప్పండి. అతను దాంతో ఇంకా ఇళ్ళకి వెళ్తుంటాడు.

పిడుగు అద్దం మీద దుమ్ము ఊదిందని రాశారు. ఎన్నిసార్లు ఊదింది?

మీ బావమరిది

*

ఏప్రిల్ 6

బామ్మర్దీ,

నీ కవరు మా టేబుల్ మీదకే వచ్చింది. "వంచరాదు" అని రాసి ఉంది. కిటికీకి పెట్టి చూశాను. పక్కన ముద్ర కొట్టేవాడు ఎవరిదని అడిగాడు. మా పిల్ల మేనమామది అన్నాను.

అన్నీ పారేశాం. వారం రోజులు తుడిచాం. ఇప్పటికీ తుడుస్తూనే ఉన్నాం. ఎండ పడ్డప్పుడు గాల్లో ఏదైనా కదిలితే మీ అక్క చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోతోంది. మామూలు దుమ్మేమో. ఎలా తెలుస్తుంది? వడ్రంగికి చెప్పాను. ఆ మధ్యలో అతను రెండిళ్ళలో ఆ మెషిన్ వాడాడు. ఒకటి బడి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనబడదంది. ఇప్పుడే కాదు, పదేళ్ళకి తీసినా కనబడదట. రావచ్చు, రాకపోవచ్చు. రెండు రోజుల దుమ్ముకి రాకపోవడానికే ఎక్కువ అవకాశం అంది. వస్తే ముప్ఫై ఏళ్ళకో, నలభై ఏళ్ళకో వస్తుంది. చిన్నప్పుడే లోపలికి పోయింది కాబట్టి దానికి కావలసినంత సమయం ఉంటుంది అని కూడా అంది. మందు ఏమైనా ఉందా అన్నాను. లేదంది. అప్పుడు నా ముఖం చూడకుండా పిల్ల చెస్ట్ మీద పరికరం పెట్టి, పిల్లికూతలు పూర్తిగా పోయాయి, నేల మార్చడం బాగా పనిచేసింది అంది.

అదే నన్ను చంపేస్తోందిరా. పిల్ల బాగుంది. బెండు నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది. గట్టిగా నవ్వుతోంది. దాన్ని అలా చూడాలనే కదా ఇదంతా చేసింది.

మీ అక్కకి చెప్పకుండా దాయలేకపోయాను. ఏడవలేదు. లేచి వెళ్ళి పిల్ల బడి సంచి తీసి బకెట్ నీళ్ళలో ముంచింది, పుస్తకాలతో సహా. సంచి తేలకుండా అలా నొక్కి పట్టుకుని కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ తీసి చదివాను. ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అట్ట అని రాశావు, దుమ్ము అని రాశావు, మంచిది కాదని రాశావు. ఆ ఒక్క పేరు ఎందుకు రాయలేదు? నువ్వు చస్తున్నావన్న సంగతి నాకు చెప్పకపోతే పోయింది, నీ ఇష్టం. పిల్ల ఉన్న ఇంటికి ఆ ఒక్క మాట రాయడానికి నీకేం అడ్డమొచ్చింది? మీ పెళ్ళినాటి రహస్యాలట!

తిట్టాలని కూర్చున్నాను. తిడుతుంటే, మెషిన్ తెచ్చింది నేనే కదా అని గుర్తొస్తోంది.

ఎన్నిసార్లు ఊదిందని అడిగావు. లెక్కపెట్టలేదురా. మేం చప్పట్లు కొట్టాం.

నీ బావ

*

ఏప్రిల్ 15

బావా,

ఎందుకు రాయలేదని అడిగారు. చెబుతాను.

ఆ నేల మీద పిడుగు పాకింది. దాని మీద కూర్చుని అన్నం తింది. అది వేసింది నేను. పేరు రాస్తే మీరు అడిగే మొదటి ప్రశ్న అదే కదా, ఏ ముఖం పెట్టుకుని జవాబివ్వను? కదపకపోతే ప్రమాదం లేదన్నారు కాబట్టి, కదపకుండా చూస్తే చాలు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. రెండేళ్ళుగా మీ ఇంటికి రాకుండా, ఆ నేల చూడకుండా గడిపేశాను. వేసవికి నేనొచ్చి పైన ఏదో ఒకటి పరిచేస్తే అది శాశ్వతంగా మూతపడిపోతుందని ఆశ. వచ్చే స్థితిలో లేనని తెలిసి కూడా వస్తానని రాశాను. పిరికితనం, బావా. దానికి వేరే పేరు లేదు.

వేళాకోళం గురించి కూడా చెప్పాలి. మీకు రాసేటప్పుడు నిజం దగ్గరికి వస్తే నాకు భయం వేస్తుంది. వెంటనే ఏదో ఒకటి కలిపేస్తాను. మీరు నవ్వితే నాకు ధైర్యంగా ఉంటుంది. మన ఇద్దరికీ అదే భాష అయిపోయింది. ఆ రోజుకి వేరే భాష కావలసి వచ్చింది, నా దగ్గర లేదు.

ఇప్పుడు మంచం నుంచి కిటికీ దాకా నడిస్తే మధ్యలో ఒకసారి కూర్చుంటున్నాను. ఆక్సిజన్ సిలిండరు ఒకటి పక్కన పెట్టారు. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఒకటి అడుగుతాను. పిడుగుకి చెప్పాలి. ఇప్పుడు కాదు, పదహారేళ్ళు వచ్చాక. చెప్పకుండా ఉంటే అది సిగరెట్లు కాల్చవచ్చు, దుమ్ములో పనిచేసే ఉద్యోగం చేయవచ్చు, నలభయ్యో ఏట దగ్గొస్తే జలుబనుకుని ఊరుకోవచ్చు. డాక్టర్లకి చెప్పుకోవడానికైనా దానికి తెలిసి ఉండాలి. నేను రాద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ మొదటి వాక్యంలోనే ఏదో వెటకారం వచ్చేస్తోంది. చింపేశాను. మీరు రాయండి. రాసి ఒకసారి నాకు చూపించండి.

అక్క ఎలా ఉంది?

మీ బావమరిది

*

మే 2

బామ్మర్దీ,

మీ అక్క మాట్లాడ్డం లేదు. రైలు టికెట్ తెచ్చుకుంది, చింపేసింది, మళ్ళీ తెచ్చుకుంది. శుక్రవారం బయల్దేరుతోంది. నీతో ఏం మాట్లాడుతుందో, అసలు మాట్లాడుతుందో లేదో నాకు తెలియదు. నువ్వు తలుపు తియ్యి.

నువ్వు అడిగింది రాశాను. రెండు వారాలు పట్టింది. ఇరవై ఏళ్ళుగా ఊరందరి ఉత్తరాలూ నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఇంత కష్టమని అనుకోలేదు. కింద రాస్తున్నాను, చూడు.

"అమ్మా, నీకు ఆరేళ్ళప్పుడు ఆయాసం వచ్చేది. అది తగ్గాలని మన ఇంట్లో నేల మార్చాం. ఎవరో వేసిన పాత షీటు తీసేశాం. దాని అడుగున ఆస్‌బెస్టాస్ ఉందని నాకు తెలియదు. తీయొద్దని మీ మామయ్య రెండుసార్లు రాశాడు. నేను వినలేదు. మెషిన్ పెట్టి దుమ్ము లేపింది నేను. ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. నిన్ను పక్కింటికి పంపవచ్చు, పంపలేదు. ఆ దుమ్ము నువ్వు పీల్చావు. దానివల్ల నీకు ఏమీ కాకపోవచ్చు. అయితే ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎప్పుడైనా కావచ్చు. సిగరెట్ కాల్చకు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఈ ఉత్తరం చూపించు. నీకు చెప్పాల్సింది ఇంతే. నీ ఆయాసం మాత్రం తగ్గింది. నాన్న."

నీ బావ

*

మే 12

బావా,

ఉత్తరం బాగుంది. వెటకారం ఎక్కడా లేదు. మీరు రాశారంటే నమ్మబుద్ధి కాలేదు.

ఒక్కచోట మార్చాలి. "ఎవరో వేసిన పాత షీటు" అని ఉంది. అది కొట్టేసి, "మీ మామయ్య వేసిన షీటు" అని రాయండి. అందులో ఏముందో తెలిశాక కూడా రెండేళ్ళు చెప్పలేదని రాయండి. నామీద జాలితో వదిలేశారని తెలుసు. సగం నిజం చెప్పిన ఉత్తరాలు నేను రెండు రాశాను, చాలు. ఎవర్ని తిట్టుకోవాలో పిడుగుకి తెలియాలి. అప్పటికి నేనుండను కాబట్టి ఆ తిట్లు మీరే పడాలి. అందుకు నన్ను క్షమించండి.

అక్క వచ్చింది. నాలుగు రోజులు ఉంది. గది అంతా తడిగుడ్డతో తుడిచింది. వండి పెట్టింది. నా వీపుకి దిండ్లు సర్దింది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఊపిరి కూడదీసుకుని ఏదైనా అందామనుకునేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళేది.

వెళ్ళేరోజు సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "పిల్లకి ముప్ఫై ఆరు వచ్చేసరికి నాకు డెబ్భై. నలభై ఆరు వచ్చేసరికి ఎనభై. అప్పటిదాకా నేను బతికుండాలి" అంది.

"ఎందుకక్కా అలా మాట్లాడతావు?" అన్నాను.

సిలిండరు వైపు చూసింది. "మరి అప్పుడు పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారురా?" అంది.

మీ బావమరిది